ముందున్నవాళ్లకు మొదటి ముద్ద

మా నల్లగొండ వైపు బొడ్రాయి లేని ఊరు ఊరనిపించుకోదు. ఊరి నడుమ పాతిన ఒక రాయి అది. దానికి గోపురం ఉండదు, చాలాచోట్ల కప్పు కూడా ఉండదు. ఏండ్లకొకసారి బొడ్రాయి పండుగ చేసినప్పుడు పెండ్లిళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు, పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు, ఆ పొద్దు పరాయివాళ్లను ఊళ్లో అడుగు పెట్టనివ్వరు. చెరువు కట్ట మీద మైసమ్మ, ఊరి బయట పోచమ్మ, చేను గట్టున ఏ పేరూ లేని పసుపు రాయి. వీటికి ఒక మాట చెప్పుకోకుండా మావాళ్లు బావి తవ్వరు, కొత్త దుక్కికి నాగలి కట్టరు. ఈ నేల మనకంటే ముందు ఇంకెవరిదో, మనం అడిగి కూర్చున్నాం అన్న పట్టింపు అందులో ఉంది. చాలాకాలం దాన్ని మా మెట్ట ప్రాంతపు సంగతిగానే చూశాను. బిడ్డ సింగపూర్‌లో ఉద్యోగం చేస్తుండటంతో ఆ వైపు పోయి రావడం మొదలయ్యాక, అక్కడి చైనీయుల దుకాణాల ముందు, చెట్ల మొదళ్లలో, చివరికి ఫ్యాక్టరీ గేట్ల పక్కన కూడా అదే పట్టింపు కనిపించింది.

చైనీయుల నమ్మకాలు అనగానే కొత్తగా పోయినవాళ్ల కంటికి ముందు ఆనేవి చిన్న చిన్న వారింపులు. కొన్ని భవనాల లిఫ్టుల్లో నాలుగో అంకె మీట కనబడదు. వాళ్ల మాటలో నాలుగు చావులాగా వినిపిస్తుంది. అన్నం గిన్నెలో పుల్లలు నిలువుగా గుచ్చిన పిల్లవాణ్ని తల్లి గబుక్కున వారిస్తుంది, అది చనిపోయినవాళ్ల ముందు అగరుబత్తులు గుచ్చే తీరు కాబట్టి. పెండ్లికి ఎర్ర కవరులో పెట్టే డబ్బు సరిసంఖ్యలో ఉండాలి, చావింటికి ఇచ్చేది బేసిసంఖ్యలో ఉండాలి. నూటొకటి చదివించే మనకు ఇది తలకిందులు. ఇవన్నీ తెలుసుకోవడం బాగానే ఉంటుంది గానీ, అక్కడే ఆగిపోతే వాళ్లను ఒక వింతల పట్టికగా చూసి వచ్చినట్టే అవుతుంది. నన్ను నిలబెట్టినవి వేరే ఉన్నాయి.

మలేషియాలో పినాంగ్ దీవిలో ఒక కార్లు బాగుచేసే షెడ్డు. దాని పక్క చెట్టు కింద ఎర్రరంగు వేసిన మోకాలెత్తు గూడు. దూరం నుంచే వాసన పట్టాను, అది సాంబ్రాణి పొగ. దగ్గరికి పోయి చూస్తే లోపల ఉన్న బొమ్మ చైనీయుల పోలికలది కాదు. తల మీద నల్లటి మలయ్ టోపీ, నడుముకు లుంగీ, నెరిసిన గడ్డం, పెద్దమనిషి కూర్చున్న తీరు. ముందు తమలపాకులు, వక్క, సున్నం, చుట్టిన పొగాకు, పండ్లు. షెడ్డు యజమాని తల్లి, చైనీయురాలు, వంగి వంగి దండం పెడుతోంది. నేను చూస్తున్నానని తెలిసి, "ఆంటీ, దాతోక్ కాంగ్" అని పరిచయం చేసింది, ఇంటి పెద్దను చూపించినట్టుగా. నా బిడ్డ ఇంగ్లీషులో అడిగి తెలుసుకున్నది ఇది: మేము రాకముందు ఈ చోటు ఈయనది, ఈయన మలయ్ మనిషి, ముస్లిం. అందుకే ఈయన ముందు పంది మాంసం పెట్టం. తిన్న పూట దగ్గరికి కూడా రాం.

చైనీయుల వంటలో పంది మాంసానికి ఉన్న చోటు తెలిసినవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది. వాళ్ల పూర్వీకుల పూజలో, గుడి నైవేద్యాల్లో అది పెద్ద వస్తువు. అలాంటిది, తమ గడప ముందే, తమ ఖర్చుతోనే పెట్టుకున్న దేవుడికి ఆయన తిండి నియమం ప్రకారమే పెడుతున్నారు. తమలపాకు, వక్క మలయ్ మర్యాద. ఆ సాంబ్రాణి సుమత్రా చెట్ల జిగురు, మలయ్ పుణ్యపురుషుల సమాధుల దగ్గర వేసే ధూపం. మన ఇండ్లల్లో శుక్రవారం నాడు వేసేదీ ఆ జాతి జిగురే. ఈ పూజలో చైనీయులది అగరుబత్తి ఒక్కటే అనిపించింది.

పంతొమ్మిదో శతాబ్దంలో చైనా దక్షిణ తీరం నుంచి, ఫుజియాన్, గ్వాంగ్‌డాంగ్ వైపు నుంచి, లక్షల మంది మలయాకు వచ్చారు. పెరాక్ రాజ్యంలో లారుత్ తగరపు గనులు వాళ్లలో ఎందరినో మింగాయి. ఓడ కిరాయి చేతిలో ఉండేది కాదు. తెచ్చినవాడు బాకీ రాసుకునేవాడు, ఆ బాకీ తీరేదాకా గనిలో చాకిరి. అడవి, జ్వరాలు, మోకాలి లోతు బురద. అలాంటిచోట చేతిలో పార పట్టుకుని నిలబడ్డ మనిషికి, ఈ మట్టికి ఎవరో ఒక పెద్ద ఉండి ఉంటాడు, ఆయన్ను కనుక్కోవాలి అనిపించడంలో అమాయకత్వం ఏమీ లేదు. స్థానికులు మొక్కే మలయ్ సాధువుల సమాధులు, పుట్టలు, పెద్ద చెట్లు అక్కడ ముందే ఉన్నాయి. వచ్చినవాళ్లు తమ భూదేవతను సొంత ఊరి నుంచి తెచ్చుకున్నారు, ఆయన్ను ఇంట్లో నేల మీద, గోడ వారన కూర్చోబెట్టుకున్నారు. బయటి నేలకు మాత్రం అక్కడి పెద్దనే ఒప్పుకున్నారు. తమ దేవుణ్ని ఇంటిలోపలికి పరిమితం చేసి బయటి చోటు ఎదుటివాడికి వదలడం అన్న ఈ ఏర్పాటు నాకు ఎంతో గొప్పగా తోచింది. దేశాలు పట్టుకున్నవాళ్లు ఇలా చెయ్యరు. కూలికి పోయినవాళ్లకే ఇది తెలుసు.

అక్కడి మత పండితులు దీన్ని మెచ్చరు. ఇస్లాంలో దీనికి చోటు లేదంటారు. చైనీయుల్లోనూ చదువుకున్న బౌద్ధులు కొందరు ఇది ధర్మం కాదంటారు. వాళ్ల వాదన వాళ్లది. మరి నల్లగొండ మనిషిగా నాకు ఆ ఎర్రగూడు ముందు కొత్త ఏమీ అనిపించలేదు. పాత నల్లగొండ జిల్లాలో, ఇప్పటి సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. జనవరిలో ఉర్సు నాడు అక్కడికి వచ్చేవాళ్లలో హిందువులే కోకొల్లలు. పుట్టిన బిడ్డకు సైదులు అని, సైదమ్మ అని పేరు పెట్టుకుంటారు. సైదిరెడ్డి అనే పేరు మా జిల్లాలో వింటే ఎవరూ తల తిప్పి చూడరు. మొక్కు తీరితే కందూరు చేస్తారు, ఏటను కోసి పదిమందికి పెడతారు. పాలమూరు మనుషులకు కొత్తూరు దగ్గర ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీరు ఉన్నాడు. ఇక పీర్ల పండుగ వస్తే, ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని పల్లెల్లో సైతం పీర్లను ఎత్తుకునేది, గుండం చుట్టూ అలాయి ఆడేది, ఊదు వేసేది మిగతా కులాలవాళ్లే. ఆ పదిరోజులు ఏం తినకూడదో, ఎవరు చెప్పులు విడవాలో అందరికీ తెలుసు. ఈ మధ్య దీన్ని తెలియనితనం అని రెండు వైపుల నుంచీ చిన్నబుచ్చుతున్నారు. నాకు అది మనసుకు కష్టంగా ఉంటుంది. ఎదుటివాడి పెద్దకు ఎదుటివాడి పద్ధతిలో దండం పెట్టడం తెలిసిన మనిషి తెలియనివాడు ఎట్లా అవుతాడు?

పెరాక్‌లోనే బాగన్ దాతుక్ వైపు తెలుగువాళ్లున్నారు. విశాఖపట్నం, శ్రీకాకుళం పల్లెల నుంచి రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి పోయినవాళ్ల మనుమలు, మునిమనుమలు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకుని, ఇప్పుడు మలేషియా తెలుగు సంఘంగా నడుపుకుంటున్నారు. అక్కడ కలిసిన ఒక ముసలమ్మను ఈ ఎర్రగూళ్ల గురించి అడిగాను. "మావోళ్లూ అంతేనమ్మా. తోటలోకి రాగానే ముందు అమ్మోరికి పాక ఎయ్యడం, ఆ తరవాతే మన పాక. సీనోళ్లు ఆళ్ల తాతకి పెట్టేరు, మేం మా అమ్మకి పెట్టేం" అంది. ఇన్ని తరాల తర్వాత కూడా ఆ యాస ఉత్తరాంధ్ర దాటి రాలేదు.

ఇక ఏడో నెల సంగతి. చైనీయుల పంచాంగమూ మన పంచాంగంలాగే చాంద్రమానం, మధ్య మధ్య అధికమాసం వేసి ఎండతో సరిచేసుకుంటుంది. వాళ్ల ఏడో నెల పున్నమి చాలా ఏండ్లు మన రాఖీ పున్నమి నాడో, ఒక రోజు అటూ ఇటూగానో పడుతుంది. ఆ నెలంతా ప్రేతాల లోకం తలుపులు తెరిచి ఉంటాయని, ఆకలితో ఉన్న జీవులు భూమి మీద తిరుగుతాయని నమ్మకం. సింగపూర్ లాంటి కడిగినట్టుండే ఊళ్లో, బహుళ అంతస్తుల ఇండ్ల కింద, గడ్డి మీద కొవ్వొత్తులు, అగరుబత్తులు, నారింజ పండ్లు, అన్నం, టీ కప్పులు వరుసగా కనబడతాయి. కాగితపు నోట్లు, కాగితపు బట్టలు కాలుస్తారు. కాల్చడానికి ఇనుప డబ్బాలు పురపాలకులే పెట్టిస్తారు. గడ్డి మీద పెట్టినదాన్ని తొక్కకుండా పక్కకు జరిగి నడవాలని మా బిడ్డ మొదటిరోజే హెచ్చరించింది. నాలుగు తొవ్వల కాడ దిష్టి తీసి వేసిన నిమ్మకాయ దాటవద్దని మా అమ్మ నాకు చెప్పినట్టే చెప్పింది.

ఆ నెలలో రాత్రిళ్లు పందిళ్లు వేసి పాటకచేరీలు పెడతారు. మొదటి వరుస కుర్చీలు ఖాళీగా ఉంచుతారు, అవి వచ్చిపోయే జీవులకు. ఎవరూ కూర్చోరు. వెనక నిలబడి చూడాల్సి వచ్చినా కూర్చోరు. ఖాళీ కుర్చీలకు ఎదురుగా నిలబడి గాయని నవ్వుతూ పాడుతుంటే, నాకు మా పెత్రమాస గుర్తొచ్చింది. భాద్రపద అమావాస్య నాడు పెద్దలకు బియ్యం ఇస్తాం. పప్పు, కూరగాయలు, నెయ్యి, చింతపండు అన్నీ చాటలో పెట్టి అయ్యగారికో జంగమయ్యకో ఇచ్చి పోయినవాళ్ల పేర్లు చెప్పించుకుంటాం. ఇంట్లో వాళ్లు ఇష్టపడ్డవన్నీ వండుతాం. తాగిన తాతకు కల్లు కూడా పెడతాం. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పోయినవాళ్లకు పెట్టి, పొద్దుగూకితే పూలు పేర్చి ఆడే రోజు అది. సింగపూర్‌లో ఉన్న తెలంగాణ ఆడపిల్లలు కూడా తంగేడు దొరక్కపోయినా దొరికిన పూలతో బతుకమ్మ పేరుస్తారు.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది, అది చిన్నది కాదు. మనం పెత్రమాస నాడు పెట్టేది మన పెద్దలకు. ముత్తాత పేరు మరిచిపోతే నొచ్చుకుంటాం గానీ, పక్కింటి ముత్తాత మన లెక్కలోకి రాడు. తర్పణాల చివర ఎవరూ లేనివాళ్ల కోసం ఇన్ని నీళ్లు వదిలే పద్ధతి ఉంది నిజమే, అది ఒక మంత్రంతో అయిపోతుంది. చైనీయులు సొంత పెద్దలకు వసంతంలో వేరే పండుగ పెట్టుకున్నారు. ఏప్రిల్ 4, 5 తేదీల ప్రాంతంలో వచ్చే ఛింగ్‌మింగ్ నాడు సమాధులకు పోయి గడ్డి పీకి, కడిగి, రంగు వెలసిన అక్షరాలను మళ్లీ దిద్ది వస్తారు. ఏడో నెలలో ఇంటి పెద్దలకూ పెడతారు గానీ, వీధిలో పెట్టేది ఎవరూ లేనివాళ్లకు. దారిలో చచ్చినవాడు, నీళ్లలో మునిగినవాడు, పెండ్లి కాకుండా పోయినవాడు, కొడుకుల్లేనివాడు, ఓడలో చచ్చి సముద్రంలో పడ్డవాడు. వలస పోయిన జాతికి అలాంటి చావులు ఎన్నో. తగరపు గనిలో జ్వరమొచ్చి పోయిన పద్దెనిమిదేండ్ల పిల్లగాడి పేరు ఏ ఇంటి పెద్దల పేర్ల పలక మీదా ఉండదు. అతనికి పెట్టడం ఎవరి బాధ్యత? అందరిదీ అని ఒక నెల తీసి పక్కన పెట్టారు. ఆలోచించిన కొద్దీ నాకు గౌరవం పెరిగింది.

ఈ పండుగ వెనక ఉన్న కథ బౌద్ధులది. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు దివ్యదృష్టితో చూస్తే చనిపోయిన తల్లి ప్రేతమై ఆకలితో అల్లాడుతోంది. అన్నం తీసుకుపోయి ఇస్తే నోటి దగ్గరకు రాగానే నిప్పు కణికలైపోయింది. నీ ఒక్కడి వల్ల కాదు, వానాకాలం వాసం ముగిసే రోజున భిక్షువులందరికీ పెట్టు, వాళ్లందరి పుణ్యం కలిస్తే ఆమె గట్టెక్కుతుంది అన్నాడు బుద్ధుడు. ములియాన్ అన్న పేరుతో ఈ కథ చైనాలో నాటకమైంది, పాటైంది, ఇంటింటి కథైంది. పూర్వీకుల పూజ చైనాలో బుద్ధుడి కంటే ఎంతో ముందుది, మూడు వేల ఏండ్ల కిందటి ఎముకల మీద రాతల్లోనే అది కనబడుతుంది. కాబట్టి ఇదంతా ఇక్కడి నుంచే పోయిందని గొప్పలు చెప్పబోవడం లేదు. కానీ దారిలో మా కృష్ణా లోయ ఉన్నదని మాత్రం చెప్పాలి.

నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకుల విజయపురిలో, వీరపురుషదత్తుడి పాలన పద్నాలుగో ఏట బోధిసిరి అనే గృహిణి చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. మూడో శతాబ్దపు మాట. సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం కట్టించానని చెబుతూ, వాళ్లు ధర్మం వినిపించిన దేశాల పేర్లు రాయించింది. కాశ్మీరం, గాంధారం, చీనం, చిలాతం, తోసలి, వంగం, వనవాసి, ద్రమిళం ఇంకా కొన్ని. ఆ శాసనంలోనే తాను కట్టించిన చెరువు, మంటపాలు, వసారాల లెక్కతో పాటు, పుణ్యంలో భాగం ఉన్న పుట్టింటివాళ్లనూ మెట్టినింటివాళ్లనూ తలుచుకుంది. ఒక తెలుగునేల ఇల్లాలు తన వాళ్ల పేర్ల పక్కన చీనా పేరు చెక్కించిన రాయి అది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అదే లోయలో హారీతి గుడి బయటపడింది. హారీతి రాజగృహంలో పిల్లలను ఎత్తుకుపోయి తినే యక్షిణి. ఆమెకు ఐదువందల మంది బిడ్డలు. బుద్ధుడు ఆమె చిన్న కొడుకును భిక్షాపాత్ర కింద దాచాడు. బిడ్డ కోసం గుండెలు బాదుకుంటూ వచ్చినదానితో, ఐదువందల్లో ఒకడు పోతేనే నీకిట్లా ఉంటే, ఒక్కడే ఉన్న తల్లికి ఎట్లా ఉంటుంది అని అడిగాడు. ఆమె మారింది. కానీ ఒక మాట అడిగింది: ఇక నా పిల్లలు ఏం తినాలి? అప్పుడు బుద్ధుడు, భిక్షువులు ఉన్న ప్రతిచోటా రోజూ నీకు ముద్ద పెడతారు అని మాట ఇచ్చాడు. 671లో చైనా నుంచి బయల్దేరి 695 దాకా తిరిగిన భిక్షువు ఇత్సింగ్ ఈ కథంతా రాశాడు. భారతదేశపు విహారాల్లో వాకిట్లోనో భోజనశాల మూలనో చంకలో బిడ్డతో ఉన్న హారీతి బొమ్మ ఉంటుందని, రోజూ ఆమె ముందు అన్నం పెడతారని, పిల్లలు లేనివాళ్లు మొక్కుకుంటారని రాసిపెట్టాడు. చైనా విహారాల్లో ఇప్పటికీ భిక్షువులు తినబోయే ముందు కొన్ని మెతుకులు తీసి ఆమె పేరున బయట పెడతారు.

పిల్లల ప్రాణాలు తీసేది ఎవరో, పిల్లలను కాపాడేదీ ఆమే. అమ్మవారు పోసినప్పుడు పోచమ్మ దగ్గరకు చల్లకుండ తీసుకుపోయే మా ఊరి తల్లులకు హారీతిని కొత్తగా ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. కోపం ఉన్నదాన్ని తరిమెయ్యడం కాదు, ఆమె ఆకలి ఏమిటో కనుక్కోవడం. పినాంగ్‌లో ఏడో నెల పందిట్లో ఒక పెద్ద కాగితపు బొమ్మ పెడతారు. నీలి ముఖం, గుడ్లురుమే కండ్లు, ప్రేతాలకు రాజు, తాయ్ సూ యా. బుకిత్ మెర్తాజంలో పెట్టే బొమ్మ రెండంతస్తుల మేడకు తీసిపోదు. చివరిరోజు దాన్ని కాల్చి పంపిస్తారు. ఆ భయంకరమైన తల మీద చిన్న బొమ్మ ఒకటి ప్రశాంతంగా కూర్చుని ఉంటుంది. ఆమె గ్వాన్‌యిన్, కరుణకు దేవత. ప్రేతాలను అదుపులో పెట్టడానికి ఆమే ఆ రూపం ఎత్తిందని చెబుతారు. ఆ గ్వాన్‌యిన్ మన అవలోకితేశ్వరుడే. ఏడో శతాబ్దంలో ధాన్యకటకానికి వచ్చిన చైనా భిక్షువు హ్యూయెన్ త్సాంగ్, అక్కడి ఆచార్యుడు భావవివేకుడు అవలోకితేశ్వరుడి ముందు మూడేండ్లు జపం చేశాడన్న కథను ప్రత్యేకంగా రాసుకున్నాడు. నాగార్జునకొండ నుంచి కృష్ణ దిగువకు పోతే ధాన్యకటకమే.

సింగపూర్ వాటర్లూ వీధిలో గ్వాన్‌యిన్ గుడి 1884 నాటిది. దాని పక్కనే కృష్ణుడి గుడి, 1870లో మొదలైంది. గ్వాన్‌యిన్‌కు మొక్కి బయటికి వచ్చిన చైనీయులు నాలుగడుగులు వేసి కృష్ణుడి గుడి ముందు కూడా అగరుబత్తులు గుచ్చి పోతారు. వాళ్ల అగరుబత్తుల కోసం గుడివాళ్లు ప్రత్యేకంగా ధూపపాత్ర పెట్టారు. పక్కింటాయన్ను పలకరించకుండా పోతే ఎట్లా అన్నట్టుంటుంది వాళ్ల నడక. అర్చన చీటీ లేదు, గోత్రం అడిగేవాడు లేడు.

ఇదంతా చూస్తుంటే నా మనసు పాలమూరు మీదికి పోయేది. గుంపుమేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, ఆ బాకీ మెడకు కట్టి, ఆలుమగలను పిల్లలతో సహా లారీలెక్కించి తీసుకుపోయేవాడు. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసింది పాలమూరు లేబరే. లారుత్ గనుల బాకీ లెక్కకూ దీనికీ నాకు పెద్ద తేడా కనబడదు. పోయిన చోటల్లా వాళ్లు గుడిసెల పక్కన నాలుగు రాళ్లు పెట్టి మైసమ్మను నిలుపుకున్నారు. పని అయిపోయాక గుడిసెలు పీకేశారు, రాళ్లు ఉండిపోయాయి. ఏ డ్యాము పక్కనైనా పసుపు వెలిసిన రాయి కనబడితే, అక్కడ మా మనుషులు ఎండలో నిలబడ్డారని నేను అనుకుంటాను. మట్టిపెళ్లలు విరిగి పడి అక్కడే పోయినవాళ్లకు ఏడో నెల లేదు. వాళ్ల పేర్లు ఏ చాట ముందూ వినబడవు, చిన్నపిల్లలైతే అసలే వినబడవు. చైనీయుల నుంచి మనం ఏదైనా నేర్చుకోవాలంటే నేను ఈ ఒక్కటి అడుగుతాను. శ్రావణ పున్నమి నాడో పెత్రమాస నాడో పనికి పోయి తిరిగి రానివాళ్ల కోసం ఒక చాట ఊరుమ్మడిగా పెట్టాలి.

నేల అవసరం పడినప్పుడు చచ్చినవాళ్లూ కదలాల్సిందే. సింగపూర్‌లో బుకిత్ బ్రౌన్ చైనీయుల శ్మశానం 1922లో తెరిచి 1973లో మూసేశారు. లక్ష దాకా సమాధులున్నాయి. దాని మధ్యనుంచి రోడ్డు వేయడానికి నాలుగు వేల దాకా సమాధులు తవ్వి తీశారు. ఎక్కడెక్కడి నుంచో మనుమలు వెతుక్కుంటూ వచ్చారు. చదువుకున్న యువకులు వారాంతాల్లో అక్కడ తిరిగి, ఏ సమాధి ఎవరిదో రాసిపెట్టారు. మా వైపు కదిలించింది నీళ్లు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఈ లోపలే లోయంతా తవ్వి బోధిసిరి కాలపు రాళ్లను కొండ మీది మ్యూజియానికి చేర్చారు, హారీతి గుడిని అనుపు దగ్గర మళ్లీ కట్టారు. పాలమూరులో శ్రీశైలం నీళ్లు వచ్చినప్పుడు సోమశిల గుడులు, కూడవెల్లి సంగమేశ్వరుడు రాయి రాయిగా విప్పుకుని ఒడ్డుకు చేరారు, సంగమేశ్వరుడు ఇప్పుడు అలంపురంలో ఉన్నాడు. చాళుక్యుల గుడికి ఇంజనీర్లు దొరికారు. బొడ్రాయికి, కట్టమైసమ్మకు ఊరివాళ్లే దిక్కు.

మా అమ్మమ్మ పుట్టిన ఊరు సాగర్ ముంపులో పోయింది. వాళ్లు పోయేటప్పుడు బొడ్రాయి చుట్టూ ఉన్న మట్టిని బుట్టల్లో ఎత్తుకున్నారని, కొత్త జాగాలో ఆ మట్టి పోసి రాయి నిలిపారని ఆమె చెప్పేది. నేను ఆ కథను ఎన్నిసార్లో విన్నాను. కానీ అందులో ఒక భాగం మీద నా చెవి పడింది పినాంగ్ నుంచి వచ్చాకే. కొత్త జాగాలో వేపచెట్టు కింద ఒక మైసమ్మ ముందే ఉంది. ఆ నేల అంతకుముందు దున్నుకున్నవాళ్లది ఆమె. ఊరివాళ్లు ఆ పాత రైతుల ఇంటికి పోయి, మీ అమ్మకు ఏం పెడతారు, ఏం పెట్టరు, ఏ వారం చేస్తారు అని అడిగి తెలుసుకున్నారు. ఆ ఇంటి పెద్దకోడలితోనే మొదటి బోనం ఎత్తించారు. తరువాతే తాము మోసుకొచ్చిన బొడ్రాయికి కడవతో నీళ్లు పోశారు.

ఆ వరస ఇప్పటికీ నడుస్తోంది. శ్రావణంలో బోనాలు చేసినప్పుడు మొదటిది వేపచెట్టు మైసమ్మకే, అదీ ఆ పాత రైతుల ఇంటి నుంచే కదలాలి. వాళ్ల కుటుంబం నల్లగొండ పట్నానికి వెళ్లిపోయింది, కబురు పెడితే కారులో వస్తారు, ఆలస్యమైనా ఊరంతా ఆగుతుంది. కిందటిసారి మా మేనమామ మనుమడు, ఎవరో వచ్చేదాకా మనం ఎందుకు ఎండలో నిలబడాలి అని అడిగాడు. నేను వాడిని పక్కకు కూర్చోబెట్టుకుని పినాంగ్ షెడ్డు దగ్గరి దాతోక్ గురించి, పంది మాంసం తిన్న పూట గూడు దగ్గరికి రాని చైనీయురాలి గురించి చెప్పాను. అది విని వాడు అడిగిన మొదటి ప్రశ్న, "మరి మన మైసమ్మకు ఏం పెట్టకూడదు?" అని. ఆ సంగతి మా ఇండ్లల్లో ఎవరికీ తెలియదు, పెద్దకోడలినే అడగాలన్నాను. కారు వచ్చి ఆగగానే వాడు ఆమె దగ్గరికి పోయి అడిగాడు.